దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు

లోకమున ధనవంతులు పలువురు పుట్టిరి, గిట్టిరి. వారిలో ననేకుల పేర్లు వారు కట్టించుకొన్న మేడలతోడనే నేలగలిసినవి. కొందఱి ధనము మాత్రము పదుగురి పొట్ట నింపి, పదుగురి మనస్సున వెలుగు నింపి, వారు కాలధర్మము నొందిన పిదపను పనిచేయుచునే యున్నది. ఆంధ్రదేశమున నట్టివారిలో అగ్రగణ్యులు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. వారి జీవితమును ఈ సంచికలో వ్రాయుటకు మాకొక కారణము కలదు.

గడచిన విద్యాసంవత్సరమున ఒక రైతు మాయొద్దకు వచ్చెను. బోరుబావి యెండుటచే ఆయన చీనీతోట నిలువున మాడిపోయెను. కుమారుడు మాయొద్ద పదవ తరగతి చదువుచుండెను. ఈ చదువు ముగిసిన పిదప పిల్లవానికి సర్కారు కొలువు దొరకునని మీరు పూచీపడగలరా, కొలువు దొరకనిచో ఈ చదువు మాయూరిలో నెందులకు పనికివచ్చునని ఆయన మమ్ముల నడిగెను. ఇరువదియేండ్లుగా పిల్లలకు ఉద్యోగములనే చూపుచు వచ్చిన మాకు వెంటనే బదులు తోచలేదు. ఆ బాలుడు సెలవుల పిదప తిరిగి రాలేదు. బెంగుళూరునకు కూలికి పోయెనని వింటిమి. ఆనాడు చెప్పలేకపోయిన ప్రత్యుత్తరమును వెదకుచుండగా పంతులుగారి చరిత్రము మాకు జ్ఞప్తికి వచ్చినది.

పంతులుగారు 1867వ సంవత్సరము మే నెల 1వ తేదీన కృష్ణామండలమున జన్మించిరి. తండ్రి బుచ్చయ్యగారు, తల్లి శ్యామలాంబగారు. స్వగ్రామమగు ఎలకుర్రులో ప్రాథమిక విద్యయు, పిదప బందరులో నున్నత విద్యయు జరిగెను. వారికి పదియేండ్ల ప్రాయమున, అనగా 1876 మొదలు 1878 వఱకు, మన పెద్దలు ధాతకఱవని చెప్పుకొను మహాక్షామము చెన్నపురి రాజధానినంతటిని వణికించెను. కడప, బళ్లారి, కర్నూలు మండలములలో ఆ క్షామమునకు బలియైనవారు లెక్కకు మిక్కిలి. కృష్ణా డెల్టాకు మాత్రము బెజవాడకడ 1855లో ముగిసిన ఆనకట్ట అండగా నుండెను. ఒకే భాష, ఒకే ప్రభుత్వము. కాని ఒకచోట కాలువ పాఱుచుండెను, ఒకచోట చెఱువు పగులుచుండెను. ఈ భేదమును పాఠకులు మనస్సున నుంచుకొనవలెను. పంతులుగారి జీవితము కడపట నిది మరల మన యెదుటికి వచ్చును.

బందరునుండి వారు చెన్నపురికి పోయి క్రైస్తవ కళాశాలలో చేరిరి. విద్వాంసులగు విలియం మిల్లరు దొరగారు ఆ కళాశాలకు అధ్యక్షులుగా నున్న దినములవి. 1891లో పంతులుగారు పట్టభద్రులైరి. ఆ కాలమున బి.ఏ. పట్టము పొందినవారు మిక్కిలి తక్కువ. అట్టివారికి తాలూకా కచ్చేరీ తలుపులు తెఱచియే యుండెడివి. కొంతకాలము దఫ్తరుల ముందు కూర్చున్నచో తహసీల్దారీయైనను, అంతకు మించిన పదవియైనను లభింపవచ్చును. బంధువులకు గౌరవము, నెల తిరుగగానే జీతము, వార్ధక్యమున పింఛను. ఇంతటి సుఖమార్గము కనులయెదుట నుండగా వారు వర్తకమువైపు మొగ్గిరి. విద్యార్థి దశయందే వీరేశలింగము పంతులుగారి వ్రాతలు వారి మనస్సున పాదుకొనియుండెను. చదివినది జీతమునకే గాక సంఘమునకును వినియోగపడవలెనను తలంపు వారికి అక్కడినుండియే కలిగినది.

అయినను మొదటి యడుగుననే వారికి సంపద లభింపలేదు. చెన్నపురిలో కొంతకాలము వ్యాపారము చేసిరి. అటనుండి కలకత్తాకు పోయి మందుల వర్తకమును చూచిరి. తుదకు బొంబాయి చేరి ఐరోపీయుల వర్తకసంస్థయందు పనిచేసిరి. ఊరు మాఱినప్పుడెల్ల వారు క్రొత్తగా నేదో యొకటి నేర్చుకొనిరి. సరకు ఎచ్చట చౌకగా దొరకును, ఎవరికి కావలసియున్నది, లెక్క ఎట్లు వ్రాయవలెను, దూరదేశపు వర్తకునితో మాట యెట్లు నిలుపుకొనవలెను అను నీ విద్యలు కళాశాలలో నేర్పబడునవి కావు. కళాశాల వారికి ఆలోచించు శక్తి నొసంగెను. అంగడి వారికి లోకజ్ఞాన మొసంగెను. ఈ రెండును కలిసినచోటనే వారి భాగ్యము మొలకెత్తినది.

1893లో వారు బొంబాయియందు అమృతాంజనమను లేపనమును తయారుచేసి విక్రయింప నారంభించిరి. తలనొప్పికిని, ఒడలినొప్పులకును, పడిసెమునకును పైపూతగా రాచుకొను పసుపుపచ్చని మందది. పుదీనపువ్వు, కర్పూరము, నీలగిరితైలము మొదలగు ద్రవ్యములు అందు చేరియున్నవి. అది మహావ్యాధులను మాన్పు దివ్యౌషధము కాదు. నొప్పిచే కుములుచున్న కూలివానికిని, తలభారముచే కూర్చుండలేని గుమాస్తాకును ఒక పూట ఉపశమనము నిచ్చు వస్తువు. పంతులుగారి సూక్ష్మదృష్టి ఇచ్చటనే కనబడుచున్నది. వారు గొప్పవారి కోరికను గాక సామాన్యుల నిత్యావసరమును కనుగొనిరి. చిన్న సీసాలో నింపి, సామాన్యుడు కొనగలిగిన వెలకు అమ్మిరి.

క్రొత్త మందును ఎవరు నమ్మెదరు? ఈ చిక్కును వారు విప్పిన విధము విచిత్రమైనది. సంగీతసభలు జరుగుచోటికి పోయి, అచ్చట చేరినవారికి తమ లేపనమును ఉచితముగా పంచిపెట్టిరి. రాచుకొన్నవారికి గుణము తెలిసినది. తెలిసినవారు ఇరుగుపొరుగులకు చెప్పిరి. ఆపై అంగడిలో అడిగి కొనువారు పెరిగిరి. మంచి సరకును మొదట చేతిలోనుంచి పిదప వెల యడుగు నీ పద్ధతియందు మోసము లేదు. సరకు చెడ్డదైనచో ఉచితముగా పంచుటయే దానికి మొదటి శత్రువగును.

ఇచ్చట మేము విద్యార్థులను కొంచెము నిలిపి యొక విషయము చెప్పవలసియున్నది. ధనము పుట్టుట వేఱు, ధనము చేతులు మాఱుట వేఱు. కఱవు దినములలో ధాన్యము దాచి యెక్కువ వెలకు అమ్మువానికి లాభము వచ్చును. కాని దేశమున ఒక్క గింజయైనను పెరుగదు. నూటికి మూడేసి, అయిదేసి వడ్డీ గుంజువాని పెట్టె నిండును. అప్పుపడినవాని గాదె ఖాళీయగును. అవి ఒకని జేబునుండి మఱియొకని జేబులోనికి పోవు ధనములు. ఉద్యమశీలుని ధనము అట్టిది కాదు. వేఱువేఱుగా పడియున్న కర్పూరము, తైలము, గాజు, కాగితము అతని యాలోచనవలన ఒకటై క్రొత్త వస్తువగును. అంతకుముందు లోకమున లేని విలువ యొకటి పుట్టును.

ఆ విలువ ఒకనియొద్దనే నిలువదు. అట్టి లేపనపు సీసా యొకటి మన యింటికి వచ్చులోపల ఎందఱి చేతులు దాటవలెనో లెక్కించుడు. గాజు కరగించువారు సీసా చేయవలెను. ద్రవ్యములు తూచి కలుపువారు, నింపువారు, మూతలు బిగించువారు వలయుదురు. చీటీలు అచ్చువేయుటకు ముద్రాలయము కావలెను. అట్టపెట్టెలు చేయుటకు వేఱొక కార్ఖానా కావలెను. మూటలు మోయు హమాలీ, బండి తోలువాడు, ఊరూర తిరుగు ఏజెంటు, కడపట పల్లెలోని చిల్లర అంగడి ముసలమ్మ, వీరందఱికిని అందులో నొక పాలు కలదు. వీరిలో ననేకులకు పొలము లేదు. పొలముండినను వాన లేదు. వానతో నిమిత్తము లేని కూలి దొరకినప్పుడు కఱవు వారి యింటి గడపకడ కొంత తడవు ఆగును. పేదరికము తగ్గుట యనగా మొదట నిదియే. ఆ కూలిడబ్బుతో వారు గుడ్డలు కొందురు, పిల్లకు పలక కొందురు. అప్పుడు నేతగానికిని, పలకలమ్మువానికిని పని కలుగును.

బొంబాయినుండి చెన్నపురికి పోవు రైలుమార్గము మన జిల్లాలోని ముద్దనూరు, ఎఱ్ఱగుంట్ల, కడపలమీదుగానే పోవుచున్నది. ఆ బండ్లు మనయూళ్ల ప్రక్కగనే సరకులను మోసికొనిపోయినవి. మన ప్రాంతమునుండి ముడిసరకు పోవుటయు, తయారైన సరకు వచ్చుటయు అలవాటైపోయినది. ఆ సరకు ఇచ్చటనే యేల తయారు కాకూడదని ప్రశ్నించువారు మాత్రము తక్కువ.

అమృతాంజనము ఇంటింటి వస్తువై పంతులుగారికి పుష్కలముగా ధనము నార్జించి పెట్టెను. ఆ ధనముతో నేమి చేసిరి? 1905లో వంగదేశ విభజనము జరిగి స్వదేశోద్యమము దేశమెల్ల వ్యాపించెను. 1907లో సూరతునందు జరిగిన కాంగ్రెసు మహాసభ పిదప, తెలుగువారికి దేశవార్తలు తెలుపు మంచి పత్రిక లేని కొఱత పంతులుగారిని బాధించెను. 1908లో బొంబాయినుండియే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి. తెలుగుదేశమునకు అంతదూరమున తెలుగు అక్షరములు కూర్చి పత్రిక నడపుట సామాన్యమైన పని కాదు. 1914లో పత్రికను చెన్నపురికి తరలించి, ఏప్రిలు 1వ తేదీనుండి దినపత్రికగా మార్చిరి. కొలది నెలలలోనే ఐరోపాలో మహాయుద్ధము పుట్టెను. యుద్ధవార్తలకై కాచుకొన్న పల్లెవారికి రచ్చబండమీద ఒకరు చదువగా పదుగురు వినునట్టి దినములు వచ్చినవి.

పత్రికలు నడపి ధనవంతులైనవారు ఆనాడు అరుదు. పత్రికకు వచ్చు కొఱతను లేపనము తీర్చెను. పత్రికయు ఊరకుండక, ఎందఱో రచయితలకును, అక్షరములు కూర్చువారికిని, అచ్చుపనివారికిని, ఏజెంట్లకును జీవనాధారమయ్యెను. కర్నూలు మండలవాసులగు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు కొంతకాలము దానికి సంపాదకులుగా నుండిరి. పత్రిక ఉగాది సంచికలు పండుగవలె ఎదురుచూడబడెడివి. 1924 జనవరిలో భారతియను మాసపత్రిక పుట్టెను. తెలుగున సాహిత్యము, చరిత్ర, శాసనములు, కళలు మొదలగువానిని గూర్చి వ్రాయగల ప్రతి పండితునికిని అది వేదికయైనది.

అంతటితో వారు తృప్తిపడలేదు. ఆంధ్రగ్రంథమాలను స్థాపించి, బసవపురాణము మొదలగు ప్రాచీన గ్రంథములను చక్కగా నచ్చు వేయించిరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును ఆరంభించి, పని నడుమ నుండగానే 1923లో స్వర్గస్థులైరి. ఆ మహాకార్యము మూలబడిపోవుటకు పంతులుగారు సమ్మతింపక, మిక్కిలి వ్యయమునకోర్చి మరల సంపుటములను ప్రకటించిరి. ఊరూర గ్రంథాలయములు వెలయవలెనని శ్రమించిన ఉద్యమమునకు వారు చేదోడుగా నిలిచిరి. చిన్న సీసాలలోని మందు పల్లెలకు పోయినట్లే పుస్తకములును పల్లెలకు పోయినవి. మొదటిది నొప్పిని తగ్గించెను, రెండవది అజ్ఞానమును తగ్గించెను. అజ్ఞానము తగ్గనిచోట పేదరికము ఎన్నటికిని తగ్గదని వారు తమ వ్యయముచేతనే లోకమునకు చూపిరి.

రాజకీయములందును వారు వెనుకంజ వేయలేదు. అనేక వత్సరములు ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు అధ్యక్షులుగా నుండిరి. 1930లో ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని కారాగారవాస మనుభవించిరి. కార్ఖానా, పత్రిక గలవాడు ప్రభుత్వమునకు విరోధియగుట యెంత ప్రమాదమో వర్తకు లెఱుగుదురు. ఆర్జించినది పోవునను భయము వారిని వెనుకకు లాగలేదు. ప్రజలు వారిని దేశోద్ధారకులని పిలుచుకొనిరి. ఆంధ్రవిశ్వకళాపరిషత్తు వారిని కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించెను.

ఇప్పుడు మన సీమకు సంబంధించిన ఘట్టమును చెప్పవలెను. ఆంధ్రరాష్ట్రము కావలెనను కోర్కె బలపడినప్పుడు, రాయలసీమవారికి సహజముగా ననుమానము కలిగెను. నీరు, విద్య, ధనము గల కోస్తావారితో కలిసినచో మా గతి యేమగునని వారు తలంచిరి. ఈ యనుమానమును తీర్చుటకై ఇరుప్రాంతముల నాయకులు 1937 నవంబరు 16వ తేదీన చెన్నపురిలో పంతులుగారి గృహమగు శ్రీబాగునందు సమావేశమైరి. కోస్తానుండి కొండా వెంకటప్పయ్యగారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు, మన సీమనుండి కడప కోటిరెడ్డిగారు, కల్లూరు సుబ్బారావుగారు, పప్పూరు రామాచార్యులుగారు మొదలగువారు ఒప్పందముమీద సంతకములు చేసిరి. తుంగభద్ర, కృష్ణ, పెన్న జలముల వినియోగమున పదియేండ్లపాటు రాయలసీమకు ప్రథమస్థాన మొసంగవలెననియు, అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రము నెలకొల్పవలెననియు, రాజధాని, ఉన్నతన్యాయస్థానములలో ఏది కావలెనో సీమవారే కోరుకొనవచ్చుననియు అందు వ్రాయబడెను.

ఆనకట్ట నీడన పుట్టిన వ్యక్తి ఇంటిలో నీరులేని సీమకు నీటి వాగ్దానము చేయబడినది. ఇది మాకు మిక్కిలి భావగర్భితముగా తోచుచున్నది. ఉద్యమశీలత యొక్కటియే సర్వమును సాధింపజాలదు. నీరు, దారి, చదువు, న్యాయమైన వడ్డీకి దొరకు పెట్టుబడి, ఇవి లేనిచోట నెంతటి చురుకైనవాడును చతికిలబడును. ఇవి యున్నను, పూనుకొనువాడు లేనిచో ఫలములేదు. ఒప్పందములోని మాటలన్నియు అనుకొన్న వేళకు నెఱవేఱలేదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రమేర్పడినప్పుడు కర్నూలు రాజధాని యయ్యెను. నీటికై మాత్రము సీమ దశాబ్దములు కాచుకొనవలసి వచ్చెను. నేడు మన లింగాల మండలముననే పార్నపల్లెకడ చిత్రావతి జలాశయము కానవచ్చుచున్నది.

పంతులుగారు 1938 ఏప్రిలు 11వ తేదీన పరమపదించిరి. అప్పటికి వారి వయస్సు డెబ్బదియేండ్లు. వారి యల్లుడు శివలెంక శంభుప్రసాదుగారు పత్రికలను, వ్యాపారమును చేపట్టి నడపిరి. ఆంధ్రపత్రిక 1991 వఱకు వెలువడెను. 1893లో పుట్టిన అమృతాంజన సంస్థ నూట ముప్పదియేండ్లు దాటి నేటికిని చెన్నపురిలో నడచుచున్నది. చెన్నపురి మైలాపూరులో వారి పేర వెలసిన ఉద్యానవనమున నేటికిని ప్రజలు చల్లనిగాలికి తిరుగుచున్నారు.

ఈ జీవితమునుండి తొందరపాటు నీతిని తీయవద్దని మా ప్రార్థన. అప్పు తెచ్చి యేదోయొకటి ఆరంభించిన ప్రతివాడును నాగేశ్వరరావు పంతులుగారు కాజాలడు. మన రాష్ట్రముననే డ్వాక్రా సంఘములు చేరి, పొదుపుచేసి, చిన్న అప్పులతో గేదెలను, కుట్టుమిషనులను కొని నిలదొక్కుకొన్న తల్లులు ఎందఱో కలరు. అదే రాష్ట్రమున 2010లో సూక్ష్మరుణ సంస్థల అప్పులలో చిక్కి విలపించిన కుటుంబములును కలవు. సంపాదన పెంచు పనికి తెచ్చిన యప్పు నిచ్చెనవంటిది. తినుటకును, పాతయప్పు తీర్చుటకును తెచ్చిన క్రొత్తయప్పు గోయివంటిది. పంతులుగారు మొదట పని నేర్చిరి, పిదప జనులకు కావలసినదేదో కనుగొనిరి, ఆ పిదపనే సీసాలు నింపిరి. ఈ క్రమమును తప్పినవారికి నష్టము తప్పదు.

తల్లిదండ్రులారా! మన ప్రాంతమున చీనీ పండును, అరటి పండును. కాయ కోసిననాడు దళారి చెప్పినదే ధర. లారీ పోయిన పిదప తోటలో మిగులునది మోడులును, అప్పులును. కాయలను పరిమాణమునుబట్టి వేఱుచేసి శుభ్రముగా కట్టగలవారు, రసము తీసి నిలువ చేయగలవారు, అరటినార వడికి బుట్టలు అల్లగలవారు, బోరుమోటారును ఊరిలోనే బాగుచేయగలవారు మనలోనుండి యేల బయలుదేఱకూడదు? ఇది చదువుకొననివాని పని యని తలంపవద్దు. లెక్కలు రానివాడు దళారి కాటాను పరీక్షింపలేడు. రసాయనశాస్త్రము తెలియనివాడు రసము పులియకుండ కాపాడలేడు. ఉత్తరము వ్రాయజాలనివాడు దూరపు వర్తకునితో బేరము కుదుర్చుకొనలేడు. పాఠశాలలో నేర్చునది ఊరిలో పనికివచ్చు విధమిది.

ప్రియవిద్యార్థులారా! కొలువు నీచమని మేము చెప్పుటలేదు. మేమును కొలువు చేయువారమే. కాని ఒక యూరివారందఱును కొలువులకే కాచుకొన్నచో, ఆ కొలువుగాండ్రకు జీతమిచ్చు ధనమెక్కడ పుట్టును? మీలో కొందఱైనను పని వెదకువారుగా గాక పని కల్పించువారుగా పెరుగవలెను. ఆర్జించిన పిదప, ఆ ధనమునుండి ఊరి గ్రంథాలయమునకొక బీరువాయు, పేదబాలునికొక పుస్తకమును రావలెను.

తోట యెండిన ఆ రైతునకు మేమిప్పుడు చెప్పగల బదులిది. కొలువునకు మేము పూచీపడలేము. చదువు మీ కుమారునికి లెక్కను, చూపును, ధైర్యమును ఇచ్చును. వానితో నతడు మీ యూరిలోనే పదుగురికి పని చూపవచ్చును. ఆనాడే యీ మాట చెప్పియున్నచో ఆ బాలుడు మా తరగతిలో నుండెడివాడేమో. ఈ సంచిక ఆయన చేతికి చేరవలెనని మా కోరిక. మా పాఠశాల తలుపు ఆ బాలునికి ఇంకను తెఱచియే యున్నది.